హదస్సా కప్పు కొలత

బొల్లారం హదస్సాకు వచ్చిన ఇంగ్లీషంతా వంటింట్లోదే. కప్‌ఫుల్, స్పూన్‌ఫుల్, గ్లాస్‌ఫుల్. మిలిటరీ ఆఫీసరింట్లో వంట చేసిన తల్లి ఆ మాటలతో పాటు ఒక పింగాణీ కప్పు కూడా ఇచ్చిపోయింది. మైదా కప్‌ఫుల్, చక్కెర కప్‌ఫుల్, గుడ్లు నాలుగు. క్రిస్మస్ కేకుకు హదస్సాకు తెలిసిన లెక్క ఇదే. ఎన్ని గ్రాములని తన కూతురు అడిగితే, గ్రాములు బంగారానికి గానీ పిండికెందుకే అని కసురుకునేది.

ఆ కప్పును ఈ డిసెంబర్లో భర్త సైలస్ పగలగొట్టాడు. చాయ్ తాగుదామని తీశాడట. ఇంట్లో ఇన్ని గ్లాసులుండగా ఆయనగారి చెయ్యి దాని మీదికే పోవాలా! హదస్సా తిట్టలేదు. తిడితేనే బాగుండునని సైలస్‌కు అనిపించింది. పరేషానై మోండా మార్కెట్‌కు ఉరికి కొలత కప్పుల సెట్టు పట్టుకొచ్చాడు.

కొత్త కప్పు కాస్త పెద్దది. పిండీ చక్కెరా పెరిగాయి, గుడ్లు మాత్రం నాలుగే. కాల్చడానికిచ్చిన బేకరీ బట్టీలోంచి కేకు ఇటుకలా వచ్చింది. అందాజాగా తగ్గించి చూస్తే ఈసారి ముద్దయింది. పండుగేమో ముంచుకొస్తోంది. కేకు పోతే పోయింది, ఏడాదికోసారి ఆ రుచిలోనే ఆమెకు అమ్మ కనబడేది. ఇక కనబడదనుకునేసరికి దుఃఖం ఆగలేదు, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గోడవతల పుష్పమ్మకు వినబడకుండా ఉంటుందా? వచ్చి సంగతంతా విని, ఇంటికెళ్లి ఒక స్టీలు గ్లాసు తెచ్చింది. దాని లోపల మేకుతో గీసిన గీత ఉంది.

"నీ దగ్గర కప్పు చక్కెర చేబదులు తెచ్చినప్పుడల్లా దీంట్లనే పోసుకునేదాన్ని వదినె. తిరిగిచ్చేటప్పుడు తక్కువ గావొద్దని మొదటిసారే గీత పెట్టుకున్న. నీ కప్పు ఇంత."

హదస్సా ఆ గ్లాసును రెండు చేతులా అందుకుంది. ఆ గీత దాకా మైదా పోసింది, చక్కెర పోసింది, నాలుగు గుడ్లు కొట్టింది. సాయంత్రానికి కేకు దూదిలా పొంగి వచ్చింది. సైలస్ చెయ్యి చాపితే దాని మీద ఒకటేసి, తొలి ముక్క పుష్పమ్మ నోట్లో పెట్టింది.

"మా అమ్మను ఇన్నేండ్లు నీ ఇంట్ల దాసిపెట్టినవు, పుష్పా. నాకు తెల్వనే తెల్వదు."

నోటినిండా కేకుతోనే పుష్పమ్మ ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.