చాపల దగ్గర ఆగిన టేపు

మా హోసూరు లేఅవుట్ పార్కును పుట్టినరోజు పార్టీలకు అద్దెకిచ్చుకోమని ఓనర్ల సంఘం ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. ఓటు ఓనర్లకే ఉంది. వాళ్లలో చాలామంది బెంగళూరులో ఉంటారు, ఫోన్లోనే సరేనన్నారు. పార్కులో రోజూ కూర్చునేది మాత్రం నాలాంటి అద్దెవాళ్లం.

ఈ సాయంత్రం మేం ఐదారుగురు ఆడవాళ్లం కానుగ చెట్టు కింద చాపలు పరుచుకుని అనపకాయలు ఒలుస్తున్నాం. అప్పుడే సంఘం సెక్రటరీ వచ్చాడు, వెంట కాంట్రాక్టరు మనిషి టేపు పట్టుకుని.

"కొంచెం లేవండమ్మా, జాగా కొలవాల" అన్నాడు సెక్రటరీ.

మా పక్కింటి మునెమ్మ జవళగిరిలో గొర్రెలు మేపిన మనిషి. తల కూడా ఎత్తలేదు.

"మేము లేస్తే ఖాళీ జాగా అని రాసుకుంటారప్పా. మమ్మల్ని గూడా కలిపి కొల్చుకోండి."

"మీరంతా అద్దెకుండేవాళ్లు కదమ్మా. మీటింగులో తీర్మానం చేసేసినాము."

"తీర్మానం చేసినోళ్లు ఒక్క దినమన్నా ఈడ కూర్చున్నారా?"

ఎవరమూ లేవలేదు. టేపు మనిషి మా చాపల చుట్టూ తిరిగి కొలిచి, "మధ్యలో ఏమని రాయాల సార్?" అని అడిగాడు. సెక్రటరీ టేపు చుట్టేయమన్నాడు. రేపు వస్తామని చెప్పి ఇద్దరూ వెళ్లిపోయారు.

ఇంటికి వస్తూ దారిలో రేపటికి కూడా అనపకాయలు కొన్నాను, కాస్త ఎక్కువే. ఒలవడానికి చేతులు చాలవు. మీ పార్కులోనూ మీకు ఓటు లేకపోతే చెప్పండి, రేపు చాప తెచ్చుకుని మా కానుగ చెట్టు కిందికి వచ్చి కూర్చోండి.