నిలబడి చదువుకోమన్న సారు

"లచ్చిమీ, మన సారు లేడు. రాత్రి పోయినాడు." ఎమ్మిగనూరు నుంచి చిన్ననాటి స్నేహితురాలి ఫోను. ఆదోనిలో బడికి బయలుదేరుతున్నదాన్ని, చెప్పులు విడిచి గడప మీదే కూర్చున్నాను. నేనూ టీచర్నే. ఆ ఉద్యోగం ఆయన చలవే.

మా పల్లె బడిలో సారు బెత్తం పట్టగా ఎవరూ చూడలేదు. తరగతి గోలెత్తిపోతే పాఠం ఆపి, బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పుకుని తీరిగ్గా తినేవారు. "అరిసి గొంతు పోగొట్టుకుంటే రేపు పాఠం యెవరు సెప్తారప్పా?" అనేవారు. మేం నోళ్లు మూశాకే పొట్లం మూసేవారు.

ఊళ్లో పనులు లేనప్పుడు మావాళ్లు సుగ్గికి పోయేవాళ్లు, అంటే గుంటూరు వైపు మిరపకోతలకు. ఐదో తరగతిలో నేనూ అమ్మతో పోయి, నెలల తర్వాత బడికొచ్చాను. కుదురుగా కూర్చోవడం మరిచిపోయాను. పక్కవాళ్లను గిల్లడం, కొట్టడం, లేచి పరుగెత్తడం. హెడ్మాస్టరుకు ఒళ్లు మండింది. "ఈ పిల్ల తరగతినంతా చెడగొడతాంది, ఇంటికి పంపిద్దాం" అన్నారు. పంపితే నాకు మళ్లీ మిరపచేలే గతి.

"వారం నాకిడిసిపెట్టండి సార్" అని మా సారు ఆయన్ని అడిగి, నన్ను వెనక కిటికీ దగ్గర నిలబడి చదువుకోమన్నారు.

సంగతి విని అమ్మ కొంగు బిగించి బడికొచ్చింది. "నా బిడ్డ యేం తప్పు సేసిందని నిలబెట్టినావు సారూ?"

"నిలబెట్టలేదమ్మా, కూసోమనలేదంతే. ఇన్ని నెల్లు నిలబడి కాయలు తెంపిన పిల్ల, ఒక్కపారి కూసోమంటే యెట్ల కూసుంటాది? దానికి తోసినప్పుడు కూసుంటాది లే."

అమ్మ బిగించిన కొంగు వదులు చేసుకుని ఇంటిదారి పట్టింది. బళ్లో నా మీద కోపం లేని పెద్దమనిషిని అప్పుడే చూశాను. ఆయన శిష్యురాలినని చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కాస్త పెద్దదవుతుంది. కానీండి, అంత గర్వం నాకు ఉండాల్సిందే.

వారం ముగిసే రోజు సారు నల్లబల్ల మీద తుంగభద్రను గీస్తున్నారు. గీత సరిగ్గా కనబడక ముందుకొచ్చాను. ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు. అంతలో నన్ను పంపించేయడానికి హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చారు. సారు పాఠం ఆపలేదు. ఒక చేత్తో గీస్తూనే, రెండో చెయ్యెత్తి ఆయన్ని అక్కడే ఆగమన్నారు. నది మంత్రాలయం దాటి కర్నూలు చేరేదాకా హెడ్మాస్టరు ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.