ఆయిల్ అంటని చీటీ

"కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చో చాచా. దుకాణం ఎందుకు తెరుస్తావు?"

టాక్సీ నడిపే మనోజ్‌కుమార్ గొంతు సందు చివర టీ బండి దాకా వినబడుతోంది. నేను ఆ బండి దగ్గరే ఉన్నాను, గ్లాసు చేతిలో పట్టుకుని.

"ఏటయిందో సూణ్ణీరా ముందు," అంటున్నాడు యర్రయ్య బాబాయ్.

"చూసేదేముంది? కంప్రెసర్ జామ్. ఎయిర్‌పోర్టు సవారీ, వెనక సీట్లో చంటిపిల్ల, బయట నలభై నాలుగు. దారిలో కుమ్హారి దాటగానే కీచుమంది, బెల్టు కాలిన వాసన, అంతే. తొమ్మిది రోజులు కాలేదు నువ్వు పని చేసి. ఒక్క మాట చెప్పు, ఆయిల్ పోశావా, లేదా?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు మా క్యాంప్ 2 పేట మొత్తంలో ఒక్కడే. నేను. గ్లాసులో టీ అయిపోయినా తాగుతూనే ఉన్నాను.

యర్రయ్యది పలాస దగ్గర ఊరు. పంతొమ్మిదో ఏట కాంట్రాక్టరు వెంట భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చాడు. కొలిమి మీద తిరిగే క్రేన్లకి నెత్తిన అద్దాల గది ఉంటుంది, అందులో ఏసీ లేకపోతే మనిషి ఉడికిపోతాడు. ఆ ఏసీలు పాతికేళ్ళు బాగుచేశాడు. తర్వాత ఇక్కడ రేకుల షెడ్డు వేసుకుని కార్ల ఏసీల్లో పడ్డాడు. నేను ఇంజినీరింగు రెండో ఏడు వదిలేసి, ఇంట్లో అమ్మ మొహం చూడలేక, ఆ షెడ్డులోకి వచ్చాను. నా పేరు అప్పలకొండ. కాలేజీలో ఏకే అని చెప్పుకునేవాణ్ణి. బాబాయ్ మొదటి రోజే "ఒరే కొండా" అన్నాడు, అదే ఖాయమైంది.

గ్యాస్ నింపడం ఎవడికైనా వస్తుంది. యర్రయ్య పనంతా ఆయిల్‌లో ఉంటుంది. ఏసీలో గ్యాస్‌తో పాటు కొంచెం ఆయిల్ తిరుగుతూ ఉంటుంది, కంప్రెసర్ బతికేది దానితోనే. తక్కువైతే కంప్రెసర్ పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లదనం రాదు. అందుకని కొలిచి పొయ్యాలి. బాబాయ్ దగ్గర కూతురు జ్యోతి చిన్నప్పుడు పాలు తాగిన గాజు సీసా ఉంది. పక్కన గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అందులో కొలిచి, పైపు బిగించక ముందే పోసి, ఎంత పోశాడో చిన్న చీటీ మీద రాసి బానెట్ లోపల అంటిస్తాడు. చెయ్యి తుడుచుకోకుండానే. "పోసిన సేత్తోనే అంటించాల. బొటనేలు మరక ఉంటేనే అది సీటీ, లేకపోతే ఒట్టి కాగితం," అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

సీసా ఎండకెత్తి చూసేటప్పుడు గీతని గోటితో తడమడం ఈ మధ్యే గమనించాను. కళ్ళకి శుక్లాలు. మనోజ్ తిట్టుగా అన్నాడు గానీ, ఆ సంగతి నాకు తప్ప బయట ఎవరికీ తెలీదు.

మనోజ్ కారుకి కండెన్సర్ చిల్లుపడి ఆయిల్ చాలా కారిపోయింది. బాబాయ్ కొత్త కండెన్సర్ ఎక్కించి, అరవై గీత దాకా ఆయిల్ నా చేతే కొలిపించి, "పోసి పైపు బిగించు, తినొస్తాను," అని ఇంటికెళ్ళాడు. నేను ముందు చీటీ రాసి అంటించాను, శుభ్రమైన చేత్తో. అప్పుడే కౌండిన్య ఫోను. నాతో చదివినవాడు, పుణెలో ఉద్యోగం వచ్చిందట. "నువ్వేం చేస్తున్నావురా?" అన్నాడు. ఏవో కోతలు కోశాను. మాట్లాడుతూనే పైపు బిగించేశాను, లోపలి గాలి లాగేసే వాక్యూమ్ పంపు ఆన్ చేసేశాను. ఫోను పెట్టి చూస్తే సీసా బల్ల మీద, కొలిచిన ఆయిల్‌తో అలాగే ఉంది.

మర్చిపోవడం వరకైతే ఇది రాయను. పంపు ఆపి, పైపు విప్పి, పోసి, మళ్ళీ మొదలుపెడితే గంట పని. నేను సీసాలో ఆయిల్ డబ్బాలో తిరిగి పోసేశాను. సీసా తుడిచి మేకుకి తగిలించాను. బాబాయ్ వచ్చి "పోసావా?" అన్నాడు. "పోశాను బాబాయ్," అన్నాను. గొంతు కూడా వణకలేదు.

టీ బండి దగ్గర్నుంచి షెడ్డుకి నలభై అడుగులుంటాయి. నడిచి వెళ్ళేసరికి బాబాయ్ బానెట్ ఎత్తి ఉన్నాడు. చీటీకి మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు. బొటనవేలితో ఆ కాగితం మీద రుద్దాడు, ఇంకోసారి రుద్దాడు. వేలు చూసుకున్నాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"పొయ్యలేదు బాబూ," అన్నాడు. "తప్పు నాదే."

"అదే కదా అంటున్నాను. కళ్ళు పోయాయి నీకు."

"అవును. తగ్గాయి."

వచ్చేటప్పుడు నోట్లో మాట సిద్ధం చేసుకునే వచ్చాను. ఆ "అవును" వినగానే అది లోపలికి జారిపోయింది. నిజం చెప్తున్నాను, మొదట కలిగింది సిగ్గు కాదు, హాయి. సిగ్గు తర్వాత వచ్చింది, వచ్చి ఇక పోలేదు.

కూతురు జ్యోతి పాత వ్యానుకి బిగిద్దామని బాగుచేసి దాచిన కంప్రెసర్ తెచ్చి, బాబాయ్ మనోజ్ కారుకి బిగించాడు. పట్టేసిన కంప్రెసర్ రాల్చిన ఇనప రజను లేకుండా పైపులన్నీ కడిగాడు. రెండు రోజులు పట్టింది. మనోజ్ ఊరుకున్నాడు కానీ, అతని నోరు ఊరుకోలేదు. ఆ వారం పవర్ హౌస్ దగ్గరి టాక్సీ స్టాండు నుంచి ఒక్క బండీ రాలేదు. మే నెలలో, ఏసీ షెడ్డులో, ఈగలు తోలుకున్నాం.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం చెప్పేశాను. ఫోను సంగతి, డబ్బాలో తిరిగి పోసిన సంగతి, అన్నీ. బాబాయ్ స్పానర్లు తుడుస్తూ విన్నాడు.

"తెలుసు," అన్నాడు. "సీటీ ఒట్టి కాగితం. మరక లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావేమోనని సూసాను. శానా రోజులు పట్టింది నీకు."

"ఇప్పుడే స్టాండుకెళ్ళి మనోజ్‌కి చెప్తాను. అందరి ముందూ చెప్తాను."

"ఎల్లు. సెప్పాల్సిందే. కానీ నువ్వు సెప్తే నా పేరు తిరిగొస్తాది గానీ కళ్ళు రావు గదా. ఆడన్నది అబద్ధమేటీ కాదు." స్పానరు పక్కన పెట్టాడు. "ఆ ఉబ్బు గీత గోరుకి తగుల్తాది. ఆయిల్ ఎక్కడికుందో గోరుకి తెలీదు."

మేకు మీది సీసా తీసి, డబ్బా మూత విప్పి, తడుముకుంటూ కొంచెం పోసి, ఎండకెత్తి నా మొహం ముందు పట్టాడు.

"స్టాండుకెల్లొచ్చాక మళ్ళీ ఇక్కడికే రా. రేపట్నించి గీత నువ్వే సూసి సెప్పాల నాకు. ఇప్పుడు సెప్పు, ఎంత వరకుందిరా కొండా? ఉన్నదున్నట్టు సెప్పు."