నాయన ఊదిన విజిల్

నాయన పటం పక్కన ఆయన హోంగార్డుగా చేసినట్లు కాయితం పెడదామని, అది అడిగేకి ఈ పొద్దు హోంగార్డుల ఆఫీసుకు పోయినా. డెబ్బై ఒకటి యుద్ధంలో విమానాలొస్తాయని ధర్మవరంలో మా వీధి దీపాలన్నీ ఆర్పించింది ఆయనే. అప్పటి రిజిస్టరు లేదంట, ఆయన డ్యూటీ చేసింది చూసినోళ్ల సంతకం తెమ్మన్నారు.

కరువుకు వీధికి వీధే వలసపోయింది. అప్పటి మనుషుల్లో మిగిలింది ఎదురింటి నరసమ్మత్త ఒక్కతే. పోయి అడిగినా.

"ఎందుకు గుర్తులేదురా! వారం దినాలు వాకిట్లో నిలబడి విజిల్ ఊది, నా మగ్గం కాడి దీపం ఆర్పించినాడు. పెండ్లి చీర ముహూర్తానికి అందలేదు. నా బేరం పోయింది."

"అదే రాస్తా, సంతకం పెట్టత్తా."

"పెట్టను పో! నా చీర చెడగొట్టినోనికి నేనే మెచ్చుకోలు రాసియ్యల్లా?"

నాయన డ్యూటీ చేసినాడని ఊర్లో గుర్తున్న ఒకే ఒక్క మనిషి ఈమె. మీ నాయనలు కూడా అప్పుడు విజిల్ ఊదింటే, ఎవరి దీపం చూసీచూడనట్లు వదిలేసినారో కనుక్కోండి. సంతకం వాళ్లే పెడతారు.