నల్లబండల ఇంట్లో జానమాజ్

దెయ్యాలున్నాయంటే నేను ఏనాడూ ఒప్పుకోలేదు. జిన్నులున్నాయని మా దీన్, అంటే మా మతం, చెబుతుంది కాబట్టి అవి ఉన్నాయనే నమ్ముతాను. కానీ నా కిరాయి ఇంటికి వచ్చేంత తీరిక వాటికి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే చూడండి.

నా ఉద్యోగం రాళ్లలోని అయస్కాంతాన్ని చదవడం. భూమి లోపలి నుంచి కరిగిన రాయి పైకి వచ్చి చల్లబడేటప్పుడు, దానిలోని ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంత దిక్కును పట్టుకుని అలాగే ఉండిపోతాయి. కోట్ల ఏళ్ల తరవాత ఆ దిక్కును చదివితే, ఈ నేల అప్పుడు భూగోళం మీద ఎక్కడుండేదో తెలుస్తుంది. సృష్టికర్త రాతిలో దాచిపెట్టిన మాటను చదువుతున్నట్టే ఉంటుంది నాకు. అయితే ముక్క తీసేముందు ఆ రాయి గుట్టలో ఏ వైపు తిరిగి ఉందో సరిగ్గా గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు తప్పితే చదివిందంతా తప్పే.

రెండేళ్ల కిందట వానాకాలంలో జూలూరుపాడు దాటాక, అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో మకాం పెట్టాం. మాధవి అని నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. వేంసూరు వైపు రైతుల బిడ్డ. ఆమె థీసిస్‌కు మిగిలింది ఆ ఊరి నల్లరాతి గుట్ట ఒక్కటే. దాన్ని కంకర కోసం లీజుకిచ్చేశారు. మా పని అయ్యేదాకా ఆగి, సోమవారం నుంచి పేలుస్తామన్నారు.

ఇల్లుగలామె రాజమ్మ తన ఇంట్లో మాధవికి ఒక గది ఇచ్చింది. ఎదురుగా ఉన్న పాత ఇల్లు నాకిచ్చింది. చక్కటి ఇల్లు, నున్నటి నల్లబండల నేల. వచ్చిన రోజు నుంచీ ముసురే. ఎండ ఆనవాలు లేదు. ఖిబ్లా, అంటే నమాజులో నిలబడాల్సిన మక్కా దిక్కు, చూసుకోవడానికి ఫోను నేలమీద పెట్టాను. బాణం చూపించిన వైపుకు జానమాజ్, అంటే నమాజు చేసే చాప, పరిచాను. నమాజు కాగానే దాన్ని మడిచి పెట్టాలని మా అమ్మ నేర్పింది. ఒంటరిగా ఉన్నాను కదా అని పరిచే ఉంచేవాణ్ణి.

రెండో రోజు గుట్ట మీది నుంచి వచ్చి తాళం తీస్తే, జానమాజ్ తల వైపు కుడికి జానెడు జరిగి ఉంది. కాలు తగిలిందేమో అనుకుని సరిచేశాను. మర్నాడు మళ్లీ అలాగే, అంతే జానెడు. మళ్లీ సరిచేశాను. ఆ మర్నాడూ అంతే.

కిటికీలకు లోపల గడియలు. వేసిన తాళం మా నాన్న దుకాణంలోది. ఖమ్మంలో మా ఇంటి వ్యాపారమే తాళాలు, కాబట్టి దాన్ని అనుమానిస్తే వంశం పరువు పోతుంది. రెండో తాళంచెవి లేదు. రాజమ్మను అడిగితే ఆమెకు నవ్వాగలేదు.

"ఏంది సార్, మా ఇంట్ల దయ్యమున్నదంటరా? ఉంటే చెప్పుండ్రి, దాని తాన గూడ కిరాయి తీస్కుంట."

పిల్లి చేసిన పనేమోనని జానమాజ్ నాలుగు మూలలా నల్లరాతి ముక్కలు బరువు పెట్టి వెళ్లాను. సాయంత్రానికి జానమాజ్ తిరిగే ఉంది. రాళ్లు మాత్రం దాని మూలల మీదే, దానితో పాటే తిరిగి ఉన్నాయి. నాకు భయం వేయలేదు. మర్యాద తెలిసిన వాళ్లెవరో సర్దినట్టు అనిపించింది.

మళ్లీ దిక్కు చూద్దామని ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. బాణం జానమాజ్ తిరిగిన వైపే చూపిస్తోంది. వంగి నేలకు ఆనించాను. బాణం ఎడమకు, నేను మొదట పరిచిన వైపుకు జరిగింది. లేచాను, కుడికి వచ్చింది. నాకు పెద్దగా నవ్వొచ్చింది. జీవితమంతా అయస్కాంతపు రాళ్లతో గడిపినవాణ్ణి, ఆ రాతి మీదే ఫోను పెట్టి దిక్కు అడిగాను. తప్పు నాది, ఒప్పు జానమాజ్‌ది.

నవ్వుకుంటూనే వెళ్లి ఆ బండలెక్కడివని రాజమ్మను అడిగాను.

"గా గుట్టయే సార్, మీరు దినాం ఎక్కుతున్నరు గదా. మా మామ బండ్ల మీద తోలిచ్చిండు."

నవ్వు ఆగిపోయింది. ఆ గుట్టలో మాధవి తీసిన ప్రతి ముక్కకూ మేం దిక్కు గుర్తించింది రాతికి ఆనించిన కంపాస్‌తోనే. మామూలుగా అయితే ఎండలో పుల్ల నీడతో కూడా సరిచూస్తాం. పక్క గుట్టల్లో రెండూ కలిశాయి. ఇక్కడ ఎండ లేక కంపాస్‌నే నమ్మాం. అప్పటికి శనివారం సాయంత్రం. చాప సంగతితో సహా అంతా మాధవికి చెప్పాను.

"అంటే నా గుట్ట పోయినట్టేనా సార్?" అంది మాధవి.

పోలేదు. ముక్కలు తీసిన రంధ్రాలు రాతిలో అలాగే ఉన్నాయి. వాటిలో పరికరం పెట్టి నీడతో దిక్కు చూస్తే చాలు. కావలసింది ఎండ. అదీ ఆదివారం లోపల.

ఆదివారం పొద్దుటి నుంచీ గుట్ట మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాం. మబ్బు కదల్లేదు.

"సార్, మీ చాప తిప్పినవాళ్లనే ఈ మబ్బు కూడా కాస్త జరపమని అడగండి."

"వాళ్లతో నాకింకా పరిచయం కాలేదమ్మా."

"రోజూ మీ ఇంటికొస్తున్నారు కదా సార్, పలకరించరా?"

మధ్యాహ్నం నమాజు గుట్ట మీదే చేశాను. ఆ పిల్ల చదువు కోసం మనసారా దువా చేశాను. తరవాత కాసేపటికి మబ్బు విడిపోయింది. వానాకాలంలో మబ్బు విడిపోవడం వింతేమీ కాదు, దానికి కారణం చెప్పగలను. అయినా అల్లాకు నోరారా శుక్రానా చెప్పుకున్నాను. మాధవి రంధ్రం నుంచి రంధ్రానికి పరుగెత్తుతూ, పొద్దు వాలేలోగా ఒక్కటి కూడా వదలకుండా చూసింది. దాదాపు అన్నిచోట్లా కంపాస్ తప్పే చెప్పింది. సోమవారం గుట్ట పేలింది. ఆమె థీసిస్ నిలబడింది.

జానమాజ్ సంగతి మాత్రం తేలలేదు. అది నూలుది, బండల అయస్కాంతం లాగడానికి అందులో ఇనుప పోగు లేదు. సరైన దిక్కున పరిచాక మళ్లీ కదల్లేదు. ఊరు వదిలే ముందు రోజు మాధవి పట్టుబట్టింది.

"ఒక్కసారి పాత దిక్కున పరిచి తాళం వేద్దాం సార్. మీరు నమాజు చేయొద్దు, ఊరికే పరచండి. అది చూడకపోతే పరీక్ష పూర్తవదు కదా?"

ఆమె మాట న్యాయమే. ఏ విద్యార్థికైనా నేనూ అదే చెబుతాను. లోపలికి వెళ్లి, పాత దిక్కుకు తిరిగి, జానమాజ్ పట్టుకుని వంగాను. అది తప్పు దిక్కని తెలుసు. తెలిసి పరచడానికి చేతులు రాలేదు. నిలబడి, మక్కా వైపుకు తిరిగి పరిచి, తాళం వేసి వచ్చాను.

అందుకే ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.