మళ్లీ ఆడొచ్చని రాసే కాగితం

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, తలో వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ల పాట్‌లక్‌కి నేను వెళ్తే, గుత్తివంకాయ గిన్నె మూత తీసేలోపు ఎవరో ఒకరు జేబులోంచి కాగితం తీస్తారు. క్యాంప్ ఫారమో, స్కూల్ ఫారమో. డాక్టర్ అంకుల్ ఉండగా క్లినిక్‌కి వెళ్లి కూర్చోవడం దేనికని వాళ్ల ధీమా. ఇన్నేళ్లూ ఒక చేత్తో పేపర్ ప్లేటు పట్టుకుని రెండో చేత్తో సంతకాలు పెట్టాను. వాళ్లకు ఆ అలవాటు చేసింది నేనే.

మొన్న ఆదివారం వచ్చిన కాగితం అలాంటిది కాదు. మా వీధి చివర ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూతురు, పదహారేళ్ల పిల్ల, క్లబ్బులో రగ్బీ ఆడుతుంది. అంతకు తొమ్మిది రోజుల ముందు ఆటలో తల నేలకు కొట్టుకుని కాసేపు స్పృహ తప్పింది. మళ్లీ ఆడొచ్చని డాక్టర్ రాసిస్తే తప్ప కోచ్ మైదానంలోకి రానివ్వడు. శనివారం ఫైనల్.

"ఒక్క సంతకం అన్నా. కంప్యూటర్ల పెట్టే మెమరీ టెస్టు గూడ పాసైంది. సీజన్ షురూల ఎంత స్కోరొచ్చిందో ఇప్పుడూ గంతే వచ్చింది," అన్నాడు తండ్రి.

అంత దెబ్బ తగిలాక స్కోరు వెంట్రుకవాసి కూడా తగ్గకపోవడమేమిటని అడిగాను. ఆయన నవ్వి గొంతు తగ్గించాడు.

"షురూల టెస్టు జర స్లోగ చెయ్యమని నేనే చెప్పిన. బేస్‌లైన్, అంటే ఆ మొదటి స్కోరు, తక్కువుంటే తర్వాత దెబ్బ తగిలినా ప్రాబ్లం ఉండదు గదన్నా!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో టార్గెట్ తక్కువ పెట్టించుకుని మంచి రేటింగ్ కొట్టేసే తెలివిని కన్నకూతురి మెదడు మీద ప్రయోగించాడు ఈ పెద్దమనిషి. పైగా అది నాతో చెప్పుకుని మురిసిపోతున్నాడు.

"ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను," అన్నాను.

"మీరు ఇండియాకు ఆడినోళ్లు. ఫైనలంటే ఏందో మీకు చెప్పాల్నా?"

ఆ మాటతో నా నోటికి అడ్డు లేకుండా పోయింది. ఆడాను, నిజమే. కలకత్తాలో మెడిసిన్ చదువుతూ రగ్బీలో దేశం జెర్సీ వేసుకున్నాను. ఆ రోజుల్లో మాకు జీతాలూ లేవు, జట్టుకు డాక్టరూ లేడు. నాలుగో ఏడాది చదువుతున్న నేనే డాక్టర్ని. ఎవడైనా తలకు దెబ్బ తగిలి పడిపోతే వేళ్లు చూపించి ఎన్ని అని అడిగేవాణ్ణి. నేనెప్పుడూ రెండే చూపిస్తానని జట్టంతటికీ తెలుసు. ఒక మ్యాచ్‌లో అందరికంటే వెనక నిలబడి ఆడే మా ఫుల్‌బ్యాక్ దెబ్బ తిని కళ్లు సరిగా తెరవకుండానే "రెండు" అన్నాడు. భుజం తట్టి లోపలికి పంపాను. మ్యాచ్ గెలిచాం. ఆ తర్వాత వాడికి ఒక పేజీ చదివితే ముందు పేజీ గుర్తుండేది కాదు. చదువు మానేశాడు. నేను పరీక్షలు పాసై, విమానమెక్కి, ఇక్కడ తలకాయల డాక్టర్నై పేరు తెచ్చుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇదంతా అక్కడే, వంటింట్లో, అందరూ వినేలా అరిచి చెప్పాను. సాంబారు వడ్డిస్తున్న ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తండ్రి ముఖం ఎర్రబడింది.

"గింత లెక్చర్ ఎందుకన్నా? మీరు కాకుంటే ఇంకో డాక్టర్ పెడతడు."

"పెడతాడు. ఆ దౌర్భాగ్యుడెవడో నాకు చూపించండి, వాడి లైసెన్సు సంగతి చూస్తాను!"

మేమిద్దరం ఇలా కీచులాడుకుంటుంటే, తండ్రితో వచ్చి ఫ్రిజ్ పక్కన కళ్లు చికిలించుకుని నిలబడ్డ ఆ పిల్ల మెల్లగా నోరు విప్పింది.

"డాడీ, మొన్న స్కూల్లో నా లాకర్ కోడ్ మర్చిపోయా. రోజూ తీసే లాకర్. లైట్ చూస్తే హెడేక్ వస్తుంది."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "మరి నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు.

"నువ్వు స్కోర్ అడిగావ్. కోచ్ ఫారం అడిగాడు." నా వైపు తిరిగింది. "మీరు కూడా నన్ను ఏం అడగలేదు, అంకుల్."

అరగంటగా ఆ పిల్ల తల గురించే గొంతు చించుకుంటున్నాను. ఎలా ఉన్నావమ్మా అని ఆమెను ఒక్క మాట అడగలేదు.