కుంటుతున్ననా, బాపు?

మోకాలి నొప్పితో నాలుగు నెలలు పరుగు మానేశాక తేలిందేమిటంటే, నేను ఇంట్లో అందరినీ కసురుకునే మనిషినని. రోజూ పొద్దున్నే మానేరు డ్యామ్ కట్ట మీద పరుగెత్తి వచ్చినన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, నాకు కూడా. నలభై దాటిన టీచరమ్మకు ఈ పరుగులేమిటని నవ్విన మా ఆయనే చివరికి, "నువ్వు జల్ది ఉరుకుడు మొదలువెట్టు, మేం బతుకుతం" అన్నాడు.

డాక్టరు సరేనన్నాడు. కాస్త పరుగు, కాస్త నడక. కుంటుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఆగిపొమ్మన్నాడు. చిక్కంతా అక్కడే. నొప్పికి జడిసి ఆచితూచి అడుగు వేస్తుంటే అది కుంటో, భయమో మనకెలా తెలుస్తుంది? ఈసారి కుంటితే ఇక బూట్లు ఎవరికైనా ఇచ్చేద్దామని లోపల అనుకున్నాను. పైకి అనలేదు, ఏడుపొస్తుందని.

అప్పటికి మా నాన్న, బాపు, కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉన్నాడు. వేములవాడ దగ్గరి మా ఊళ్లో వ్యవసాయం చేసిన రోజుల్లో, అంగడిలో ఎద్దును కొనేముందు దాన్ని ముందుకు నడిపించి వెనక నుంచి చూసేవాడు. ఏ కాలు సరిగ్గా ఆనడం లేదో ఇట్టే పట్టేసేవాడు.

"పా, నేనొస్త. నువ్వు ఉరుకు, నేను జూస్త" అన్నాడు.

కూతురిని ఎద్దుతో జమకట్టినందుకు నాకు కోపం రాలేదు. ఆ నల్ల కళ్లద్దాలతో ఏం కనిపిస్తుందా అన్నదే నా దిగులంతా.

కట్ట మీద పిట్టగోడపై ఆయనను కూర్చోబెట్టి, కొంత దూరం పరుగెత్తి వెనక్కి తిరిగాను. తిరిగేటప్పుడు మోకాలి లోపల చిన్నగా కలుక్కుమంది.

"కుంటుతున్ననా, బాపు?"

"లే. మంచిగనే ఉరికినవ్."

మనసు ఎంత తేలికైందో చెప్పలేను. కలుక్కుమన్నది నా భ్రమే అనుకున్నాను.

ఇంటిదారి పట్టామో లేదో బాపు ఆగాడు. "కాళ్లు గుంజుతున్నయి బిడ్డా, జర కూసుందాం" అన్నాడు. కూర్చున్నాం. లేచి నాలుగడుగులు వేశాక మళ్లీ అదే మాట. మూడోసారికి నాకు అనుమానం వచ్చింది. ఊళ్లో ఇప్పటికీ పొద్దున లేస్తే మెట్ట చెలక దాకా నడిచిపోయి వచ్చే మనిషి. పైగా కూర్చున్న ప్రతిసారీ ఆయన ముఖం నా మోకాలి వైపే తిరిగి ఉంటోంది.

"నిజం జెప్పు బాపు. కుంటిననా?"

"మర్లేటప్పుడు జరంత."

"మరి లేదంటివి?"

"చిన్నప్పుడు జరమొస్తెనే నువ్వు ఒక్కకాడ కూసునేటిదానివి. నాలుగు నెలల సంది ఇంట్లనే కూసుంటున్నవని ఫోన్ల ఇన్నప్పటి నుంచి నాకు బువ్వ సయిస్తలేదు. కుంటుతున్నవంటె మళ్ల కూసుంటవని అనలే" అన్నాడు. తర్వాత మెల్లగా, "గింతింత ఉరుకు బిడ్డా. ఇడిసిపెట్టకు" అన్నాడు.

నా నొప్పి నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్లూ. కళ్లు తుడుచుకుని, "ఎల్లుండి మళ్లొద్దాం బాపు" అంటూ లేవబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అయితే ఇప్పుడే లేవకు. ఇంకింత సేపు కూసుందాం."